హద్దు కింద బొగ్గు

ఆ రోజు పొద్దున ఆమె ఎక్కడ తవ్వినా బొగ్గే దొరికింది.

బావికి అవతలి వైపు ఒక గొయ్యి తీసింది, బొగ్గు. కాస్త పక్కకి జరిగి ఇంకోటి తీసింది, అక్కడా బొగ్గు. మొదటిసారి దొరికినప్పుడు పార అక్కడే పడేసి, ఆ నల్లటి ముక్కని అరచేతిలో పెట్టుకుని కొడుకుని కేకేసింది. మూడోసారికి గొంతు లేవలేదు. ఆ తర్వాత దొరికిన ప్రతి ముక్కకీ ఆమె మొహం ఇంకాస్త వాడిపోయింది. బొగ్గు దొరకాలి, కానీ ఒక్కచోటే దొరకాలి. అన్నిచోట్లా దొరికితే ఎక్కడా దొరకనట్టే లెక్క. నుయ్యి తవ్వబోతే దయ్యం బయటపడిందంటారు. ఆమెకి నుయ్యి ముందే ఉంది, దయ్యమే కొత్తగా వచ్చింది.

ఊళ్ళో ఆమెని అందరూ దిగువింటమ్మ అంటారు. అరవై దాటాయి. మొగుడు పోయాడు. పెళ్ళిగాని కొడుకు ఒకడున్నాడు, ఊరివాళ్ళ ట్రాక్టర్లు కూలికి తోలుతాడు, పని లేని నెలల్లో అరుగు మీద కూర్చుంటాడు. ఒకప్పుడు ఊళ్ళో సగం నేల ఆ ఇంటిదే. తాత కాలంలో కొంత, మామగారి కాలంలో కొంత, మొగుడి జబ్బుకి మిగతాది ముక్కలు ముక్కలుగా పోయింది. ఇక మిగిలింది బావి, దాన్ని ఆనుకుని అరెకరం కూరగాయల తోట. ఇప్పుడు ఆ బావికే వచ్చింది ముప్పు. బావి పోతే తోట ఎండుతుంది, తోట ఎండితే పొయ్యి ఆరుతుంది. అంతకంటే మెలిక ఏమీ లేదు.

ఇంతకీ ఆ బొగ్గు కథ ఊరు పుట్టినప్పటిది. వానలు మొహం చాటేసిన చోటు వదిలేసి రెండు కుటుంబాలు ఒకే బండి మీద ఇక్కడికి వచ్చాయి. ఒకరికి బండి ఉంది, ఎద్దులు లేవు. ఇంకొకరికి ఎద్దులున్నాయి, బండి లేదు. "అందుకే కలిసొచ్చారు గానీ, ఒకరి మీద ఒకరికి ప్రేమ పొంగి కాదు" అని ఆమె మామగారు చెప్పి నవ్వేవాడు. ఎత్తు మీద ఇల్లు కట్టుకున్న ఎద్దులవాళ్ళు ఎగువింటివాళ్ళయ్యారు. పల్లంలో కట్టుకున్న బండివాళ్ళు దిగువింటివాళ్ళయ్యారు. తర్వాత కమ్మరి వచ్చాడు, వడ్రంగి వచ్చాడు, రెండిళ్ళ మధ్య వీధి పడింది, వీధి ఊరైంది.

వచ్చిన కొత్తలో అక్కడ ముళ్ళపొదలు తప్ప ఏమీ లేవు. వాటిని తగలబెట్టి నేల చదును చేశారు. పంచుకునే రోజున హద్దు మీద మూడు గోతులు తీసి, ఆ తగలబెట్టిన పొదల బొగ్గునే వాటిలో కుమ్మరించి, పైన రాళ్ళు నిలబెట్టారు. రాయిని ఎవడైనా జరపొచ్చు. కర్రని చెద తింటుంది. మాట మనిషితోనే పోతుంది. బొగ్గుని మాత్రం చెద ముట్టదు, తడి కుళ్ళబెట్టదు, దొంగ ఎత్తుకుపోడు. రేపు తగువొస్తే రాయి కింద తవ్వి చూసుకోండని వాళ్ళ లెక్క.

మొదటి రాయి బాట పక్కన, మూడోది వాగు ఒడ్డున ఇప్పటికీ ఉన్నాయి. ఆ రెండింటి మధ్య తాడు లాగితే బావి ఎగువింటివాళ్ళ వైపు పడుతుంది. కానీ బావి తవ్వింది దిగువింటివాళ్ళు. తవ్వుతుండగా ఒడ్డు విరిగిపడి ఆ ఇంటి పెద్దకొడుకు లోపలే ఉండిపోయాడు. అతన్ని పైకి తీసిన రోజునే నీళ్ళు పడ్డాయి. ఆ నీళ్ళలో వాటా అడగడానికి ఎగువింటివాళ్ళకి నోరు రాలేదు. పంచుకునేటప్పుడు హద్దుని బావికి అవతలగా వంచి, ఆ వంపులో బొగ్గు పోసి నడిమి రాయి పాతారు.

ఇదంతా ఆమెకి అత్తగారు చెప్పింది. పదహారేళ్ళకి కాపురానికి వస్తే, ఆవిడ మొదటి రోజే చేతికి బూడిద తట్ట ఇచ్చింది.

"మన నేల బంకమట్టి. వానొస్తే జిగురు, ఎండొస్తే ఇటుక. రోజూ పొయ్యిలో బూడిద తీసుకెళ్ళి చల్లితే గానీ వేరు దిగదు. మర్చిపోయావో, నీ కూర నువ్వే కొనుక్కుని తినాలి."

ఆమె మర్చిపోలేదు. పురిటి మంచం మీద ఉన్న రోజులు తప్పిస్తే బూడిద తట్ట లేకుండా తోటకి వెళ్ళింది లేదు. తోటలో చల్లగా మిగిలింది బావి చుట్టూ పోసేది, అవతలి గట్టు దాకా. ఊరంతా గ్యాసు పొయ్యిలు కొనుక్కున్నాక కూడా బూడిద కోసమే కట్టెల పొయ్యి మానలేదు. "నీ వంకాయలు అంత నిగనిగలాడతాయి, ఏం పెడతావు వాటికి?" అని ఎవరైనా అడిగితే, "మా పొయ్యి ఎంగిలి" అనేది. ఆ ఎంగిలిలో బూడిదతోపాటు ఆరిపోయిన బొగ్గుముక్కలూ ఉండేవి. అవి కుళ్ళవని ఆమెకి తెలుసు. ఏ రోజుకారోజు తన హద్దుని తనే చెరిపేసుకుంటున్నానని మాత్రం తోచలేదు.

నడిమి రాయి పోయింది కూడా ఎవరో కుట్ర పన్ని కాదు. కొడుకు చంకపిల్లాడుగా ఉన్నప్పుడు, ఒక వానాకాలం బావి గట్టు కుంగింది. ఆమె మొగుడూ, అప్పటి ఎగువింటి పెద్దాయనా వచ్చి చూశారు. మంచి బలమైన రాయి కావాలి.

"మనిద్దరి మధ్యా రాయెందుకురా? అది తీసి గట్టుకి ఆనించు" అన్నాడు పెద్దాయన.

ఇద్దరూ కలిసి నడిమి రాయిని పెకలించి, దొర్లించుకొచ్చి, గట్టుకి ఆనించారు. గట్టు నిలిచింది. పిల్లాణ్ణి చంకనేసుకుని ఆమె అక్కడే నిలబడి చూసింది. దొర్లుతున్న రాయిని చూసింది గానీ, రాయి లేచిన చోటుని చూడలేదు. ఆ ఇద్దరు మగాళ్ళూ ఇప్పుడు లేరు.

పెద్దాయన కొడుకు ఉన్నాడు. ఎగువింటి పొలంలో పంట గిట్టడం లేదని కోళ్ళ షెడ్డు కట్టాలనుకున్నాడు. షెడ్డుకి నీళ్ళు కావాలి, కంచెకి హద్దు కావాలి. సర్వేయరుని పిలిపించాడు. చెడ్డవాడు కాదు. దిగువింటాయన మంచాన పడ్డప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళింది అతని బండే.

"వదినా, మీ నీళ్ళ మీద కన్నేసి కాదు. గీత ఎటుంటే అటు" అన్నాడు బావి దగ్గర నిలబడి.

"గీత వంకరగా ఉంటుంది అబ్బాయ్. మీ నాన్న బతికుంటే చెప్పేవాడు."

"మా నాన్న చాలా చెప్పాడు వదినా. పొద్దున్నే లెమ్మన్నాడు, అప్పు చెయ్యొద్దన్నాడు, బావమరిదిని నమ్మొద్దన్నాడు. వంకర గీత గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. "అయినా పెద్దవాళ్ళు బొగ్గు పెట్టారంటున్నావుగా, చూపించు. చూపిస్తే ఆ గట్టుకానించిన రాయిని నేనే మోసుకొచ్చి పాతుతాను. నలుగురి ముందూ చెబుతున్నా."

సర్వేయరు తన నక్షా విప్పి చూశాడు. దాన్ని గీసినవాళ్ళు ఎప్పుడో రెండు చివర్లూ చూసుకుని వెళ్ళిపోయినట్టున్నారు, గీత నేరుగా ఉంది. "నక్షాలో వంపు లేదమ్మా. కానీ మీరిద్దరూ ఒప్పుకుంటే నాకేం పోయింది? బొగ్గు గొయ్యి కనపడితే వంచే రాస్తాను."

అందుకే ఆమె తవ్వింది. మధ్యాహ్నానికి సర్వేయరు వచ్చేసరికి ఆమె చేతులు బొబ్బలెక్కాయి. ఉన్న గోతుల్లో లోతైనదాన్ని చూపించి, "ఇదిగో బాబూ" అంది. ఎగువింటాయన ముందుకొచ్చాడు. పార అందుకుని, అక్కడికి నాలుగడుగుల దూరంలో ఊరికే ఒక పోటు వేశాడు. నల్లటి ముక్కలు పైకొచ్చాయి. ఇంకోచోట వేశాడు. అక్కడా వచ్చాయి.

"మీ ఊరు పొయ్యిలోంచి పుట్టిందా అమ్మా?" అన్నాడు సర్వేయరు. అతని వెనక కొలత గొలుసు పట్టుకున్న మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అది నేను చల్లిన బూడిద బాబూ. హద్దు బొగ్గు వేరు. అది కుప్పగా ఉంటుంది, లోతుగా ఉంటుంది."

"అయితే ఆ కుప్ప చూపించండి. ఎల్లుండి వస్తాను. అప్పటికీ లేకపోతే నక్షా ప్రకారం వేసేస్తాను. నన్ను తిట్టుకోకండి."

ఆమె మర్నాడు చీకటి విడవకముందే మళ్ళీ పార పట్టింది. తన తోట అంచు నుంచి ఎగువింటివాళ్ళ కాలిబాట దాకా తవ్వింది. ఆ బాట దాటి పార వెయ్యడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు, అది వాళ్ళ దున్నకం. కొడుకు వచ్చి కాసేపు సాయం చేశాడు, కాసేపయ్యాక పార పాతేసి దాని మీద గడ్డం ఆనించాడు.

"పోనివ్వమ్మా. వాళ్ళనే అడిగి నీళ్ళు పెట్టుకుందాం. కాదంటారా?"

"ఈ ఏడు కాదనరు. వచ్చే ఏడు కోళ్ళకే చాలటం లేదంటారు. అడుక్కుని పెట్టుకునే నీళ్ళకి తోట పండుతుందిరా?"

"మరి ఏం చేద్దామంటావు?"

ఆమె పార మళ్ళీ నేలలో దింపింది. కొడుకు ట్రాక్టరు పని ఉందని వెళ్ళిపోయాడు. ఆమె ఇంటికొచ్చి, పశువులు లేని పశువుల పాకలో కూర్చుంది. కళ్ళెత్తితే అటక మీద కాడి కనిపించింది.

ఊరికి వచ్చిన మొదటి బండిలో మిగిలింది అదొక్కటే. చక్రాలు ఎప్పుడో పోయాయి, ఇరుసు ఎవరో అడిగి పట్టుకెళ్ళారు. కాడి మాత్రం ఉంది, ఎద్దుల మెడలు ఒరిసి ఒరిసి రెండుచోట్ల అద్దంలా నునుపుదేలి. దానికి ఒక ఇనప చీల ఉండేది, మెలితిరిగి, చెక్కలోకి దిగబడిపోయి ఎవరు లాగినా రాలేదు. చిన్నప్పుడు కొడుకు దాన్ని పీకి తీరతానని ఎన్ని సెలవలు తగలేశాడో. ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా మామగారు ఆ కాడి కింద నిలబెట్టి, "ఊరంతా దీని వెనకాలే వచ్చింది" అనేవాడు.

ఆమె చాలాసేపు దాన్నే చూసింది. బావి తమదే. బొగ్గు కూడా ఎక్కడో ఉంది. ఎక్కడో చెప్పమంటే నేల నోరు విప్పడం లేదు. నేల బదులు తను చెబితే తప్పేముంది? పొయ్యిలో చెత్తాచెదారం కట్టెల బొగ్గైతే సర్వేయరు నవ్వుతాడు. ఇది బరువైన కర్ర, పాత కర్ర, ఆ మొదటి రోజున అక్కడే ఉన్న కర్ర. పూర్తిగా అబద్ధం కూడా కాదనుకుంది.

గొడ్డలితో కాడిని నరికి, పెరట్లో కాల్చి, సగం కాలాక నీళ్ళు కొట్టి ఆర్పింది. బొగ్గు పెద్దపెద్ద పెళ్ళలుగా వచ్చింది. ఎండ నెత్తి మీదికి వచ్చి పొలాల్లో పురుగు కూడా కదలని వేళ చూసుకుని తట్టతో తీసుకెళ్ళింది. రాయి లేచిందని తనకి గుర్తున్న దిక్కున లోతుగా తవ్వి, కుమ్మరించి, పూడ్చి, నీళ్ళు పోసి కాళ్ళతో తొక్కింది. మీద పొడిమట్టి చల్లి, ముళ్ళకంప ఈడ్చింది. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. అతికినట్టే ఉంది. చుట్టూ గోతులున్న నేలలో అది మాత్రం ఎవరూ ముట్టని చోటులా ఉంది.

చెప్పిన రోజుకి సర్వేయరు వచ్చాడు. ఎగువింటాయన వచ్చాడు, కొడుకు వచ్చాడు, పని లేనివాళ్ళు నలుగురు వచ్చారు.

"ఇక్కడ ఒక్కచోటే చూడలేదు బాబూ. ఇక్కడ తవ్వించండి" అంది ఆమె.  

గొలుసు మనిషి తవ్వాడు. మోకాలి లోతున పార కసుక్కున దిగింది. బొగ్గు బయటపడింది, పెళ్ళలు పెళ్ళలుగా, కుప్పగా.

 ఎగువింటాయన వంగి చూశాడు. ఒక పెళ్ళ తీసి బరువు చూసుకున్నాడు. తలెత్తి ఆమె వంక చూసి, "అయితే మా నాన్న నాకు చెప్పలేదన్నమాట" అన్నాడు మెల్లిగా. సర్వేయరు జెండా కర్ర పట్టుకుని గోతి దగ్గరికి నడిచాడు.

కొడుకు సంతోషం పట్టలేక గోతిలోకి దిగాడు. రెండు చేతులా బొగ్గు ఎత్తి పైన పోస్తూ, చేతికి గట్టిగా ఏదో తగిలితే బయటికి తీశాడు. మసి తుడిచాడు. మెలితిరిగిన ఇనప ముక్క.

"అరె, ఊడొచ్చిందే!" అన్నాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు. "అమ్మా, మన కాడి చీల! ఇన్నాళ్ళకి..."

అక్కడికి ఆగిపోయాడు. ఆగినా లాభం లేదు. సర్వేయరూ అతని గొలుసు మనిషీ తప్ప, ఆ కాడి కింద నిలబడనివాడు అక్కడ లేడు.

ఎగువింటాయన చేతిలోని పెళ్ళని గోతిలో పడేసి, చేతులు దులుపుకున్నాడు. సర్వేయరు ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూశాడు. ఎవరో చెవిలో చెప్పారు. అతను జెండా కర్ర చంకలో పెట్టుకున్నాడు.

"ఇది నేను రాయలేనమ్మా."

"అబద్ధం నాది బాబూ" అంది ఆమె. "బావి మాత్రం మాది. గట్టుకి ఆనించిన ఆ రాయినడగండి. అబద్ధం నేనొక్కదాన్నే ఆడాను."

"రాయి మాట్లాడదు కదమ్మా" అన్నాడు సర్వేయరు. వెటకారంగా కాదు. మూడుకాళ్ళ మిషను బాట పక్క రాయి మీద నిలబెట్టి, వాగు ఒడ్డు రాయి వైపు చూశాడు. గీత నేరుగా వచ్చింది. బావి అవతలికి పోయింది.

ఆ సాయంత్రం కొడుకు అన్నం కలిపి ముద్ద ఎత్తలేదు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు. నోరు మాత్రం మూసుకునేవాణ్ణి."

నెల తిరక్కుండా కంచె పడింది. ఊళ్ళో ఆమె పేరు దిగువింటమ్మ నుంచి బొగ్గులమ్మ అయింది. ఎదురుగా ఎవరూ అనరు, నాలుగడుగులు దాటాక అంటారు. ఎగువింటాయన నీళ్ళు పెట్టుకోవద్దని అనలేదు. ఆమే అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? వంగతోట ముందు ఆకు వాల్చింది, తర్వాత కాయ ముడుచుకుంది.

షెడ్డు స్తంభాలకి గోతులు తవ్వుతున్న రోజున ఆమె కంచెకి ఇవతల మిగిలిన కాయలు కోస్తోంది. కూలీల్లో ఒకడు "ఇదేందయ్యా" అన్నాడు. ఆమె తల తిప్పింది. బావికి అవతల, పాత కాలిబాట కిందనుంచి, పార నిండా బొగ్గు వస్తోంది. నడుము లోతున, తడిసి, మట్టితో కరుచుకుపోయి, కుప్పగా. ఆమె కాడిని పాతిపెట్టిన చోటుకి ఇంకా అవతల. తను అడిగినదానికంటే ఎక్కువ నేలే తమదన్నమాట.

ఆమె తట్ట కింద పెట్టి, కంచె తీగ పట్టుకుని నిలబడింది.  

ఎగువింటాయన గోతి అంచున నిలబడి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, అందరికీ వినపడేలా, "ఇదెప్పుడు పెట్టావు వదినా?" అన్నాడు.

కూలీలు పగలబడి నవ్వారు. అతను నవ్వుతూనే ఉన్నాడు గానీ, చెయ్యి మాత్రం స్తంభం నిలబెట్టమని గబగబా సైగ చేస్తోంది. కూలీలకి టీ తెచ్చిన అతని పెళ్ళాం ఆ బొగ్గు చూసి, ఆరబెడితే కుంపట్లోకి పనికొస్తుందని గంపలోకి ఎత్తుకుంది. చిన్న ముక్క కూడా వదల్లేదు. గోతిలో కాంక్రీటు పోశారు.

ఆమె ఇంటికొచ్చి కొడుకుతో ఏమీ చెప్పలేదు.

కంచె పడ్డ దగ్గర్నుంచీ ఇంటికి నీళ్ళు కొడుకే తెచ్చేవాడు. మర్నాడు పొద్దున అతను ట్రాక్టరు పనికి పోయాడు, వంటకి నీళ్ళు లేవు. బిందె తీసుకుని వీధి కుళాయి దగ్గరికి వెళ్ళింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ కుళాయి తిప్పాల్సిన అవసరం ఆమెకి రాలేదు. ఎక్కడ నిలబడాలో తెలియక అందరి ముందుకి వెళ్ళింది. కిందటేడే ఊళ్ళోకి అద్దెకొచ్చిన ఒక పిల్ల ఆమెని ఎగాదిగా చూసింది.

"వరసలో పెట్టు పెద్దమ్మా. ఇక్కడ ముందొచ్చినవాళ్ళదే ముందు."

ఆమె వెనక్కి నడిచి, బిందె కింద పెట్టింది. అది పదకొండోది.